అడుగు వరసలో పేరు

1936 వేసవిలో నా సంగతి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇలా చెబుతాను: ఇంటినిండా అచ్చులు, ఒక్క హలో లేదు.

నా పేరు విల్ఫ్ గడ్జన్. గడ్జన్ అంటే మా వాగుల్లో దొరికే వేలెడంత చేప. ఏ ఎర వేసినా మింగేస్తుందని దానికి చెడ్డపేరు. లండన్ తూర్పు కొసన బెత్నల్ గ్రీన్‌లో, టాలీ వీధిలో, మా నాన్న వదిలిపోయిన అచ్చాఫీసు నాది. పెళ్ళి శుభలేఖలు, చావు కార్డులు, చర్చి పాటల కాగితాలు, సోఫాలు సగం ధరకే అని అబద్ధాలాడే కరపత్రాలు, అన్నీ వేసేవాణ్ణి. పగలంతా అక్షరాల సీసం, పొద్దుగూకితే సీసా. అందులో నాకేమీ లోటు కనబడేది కాదు. నేను తొక్కడానికి ట్రెడిల్ మెషీను ఉండగా నన్ను తొక్కడానికి ఇంకొకరెందుకని పెళ్ళి చేసుకోలేదు, అని అందరితో అనేవాణ్ణి. నిజానికి నేనడిగిన ఒక్కావిడా వద్దంది.

గొంతు నాది పెద్దది. మెషీను చప్పుడు మీంచి మాట్లాడీ మాట్లాడీ అలా స్థిరపడిపోయింది. వీధి చివర ‘వంకర లంగరు’ అనే పబ్బు ఉంది. అందులో నేను ఈ మూల జోకు వేస్తే ఆ మూల బీరు ఒలికేది. అవి మంచి జోకులని నేనూ అనను. నవ్వేవాళ్ళు మంచివాళ్ళు, అంతే.

వాళ్ళందరిలో పెర్స్ మాడక్ డామినోల ఆటలో నా జోడీ. బొగ్గుల వ్యాపారి. బొగ్గులమ్మేవాడికి మాడక్ అని పేరు తగిలించినవాడెవడో నాకు గురువు కావాలి. పెర్స్ నవ్వు ఒక వింత. చప్పుడు రాదు. భుజాలు రెండూ ఎగిరెగిరి పడతాయి, మొహం మాత్రం శిక్ష చదివే జడ్జీలా ఉంటుంది. వెనకనుంచి చూసినవాడికే అతను నవ్వుతున్నట్టు తెలుస్తుంది.

ఏటా ఆగస్టులో ఒక ఆదివారం లంగరు వాళ్ళందరం అద్దె బస్సులో సౌతెండ్ సముద్రానికి వెళ్ళేవాళ్ళం. ఏర్పాట్లన్నీ పెర్స్‌వి. టికెట్లు నేను ఊరికే అచ్చువేసి ఇచ్చేవాణ్ణి. అందుకని ఆఖరి వరసలో నడిమి సీటు నాది. బస్సు మా వీధి మలుపు తిరుగుతుండగా నేను లేచి నిలబడి అరవాలి: “డ్రైవరూ, మెల్లిగా పోనీ! మనం వస్తున్నామని తెలిస్తే సముద్రం మైలు వెనక్కి పోతుంది!” సౌతెండ్‌లో ఆటు వచ్చినప్పుడు సముద్రం నిజంగానే మైలు వెనక్కి పోతుంది, బురద మాత్రం మనకి వదిలిపెట్టి. ఏటా అదే జోకు. ఏటా ముందు సీట్లో పెర్స్ భుజాలు ఎగిరేవి. ఆ మలుపులో ఆ అరుపు వినబడకపోతే వేసవి వచ్చినట్టు కాదు మాకు.

ఇక లాంతరు సంగతి.

అప్పటికి మా పేటలో నల్లచొక్కాల వాళ్ళు, అంటే ఫాసిస్టు పార్టీవాళ్ళు, బాగా పెరిగారు. శనివారం సాయంత్రం మూల మీద బల్ల వేసుకుని, మన కష్టాలన్నిటికీ పక్క పేట యూదులే కారణమని అరిచేవాళ్ళు. గొంతులో నన్ను మించిపోయారు, జోకులు మాత్రం లేవు. నలుపు పులమడమే నా వృత్తి గనక పోలిక నాకు బాగా తెలుస్తుంది. నేను కాగితానికి పులుముతాను, వాళ్ళు మనుషులకి.

వాళ్ళకి ఎదురుగా చిన్న చిన్న పుస్తకాలు వేసి వీధుల్లో అమ్మే గుంపులు లండన్‌లో చాలానే పుట్టాయి. అందులో ఒకటి ‘చిన్న లాంతరు’. పేరుకి ప్రచురణ సంస్థ, నాకు కనబడినంతలో ఇద్దరు మనుషులు. రాసేది మిస్ హెస్టర్ క్వేల్ అనే బడి టీచరు. నా జోకులకి ఒక్కసారీ నవ్వలేదు. ఎర్ర సిరా పెన్ను ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు చూసేది. అమ్మేది లాజర్ టాబక్, వైట్‌చాపెల్‌లో బీరువాలు చేసే యూదు. అతను జోకు పూర్తికాకముందే నవ్వేసేవాడు. ఈ ఇద్దరి మధ్యా నా జోకు ఎక్కడ దించాలో నాకు తెలిసేది కాదు.

మొదటిసారి పని దొరికింది కదా అని ఒప్పుకున్నాను. చదివేవాడు విసుగొస్తే పేజీ తిప్పేస్తాడు, కంపోజు చేసేవాడికి ఒక్క కామా దాటే దారి లేదు. నల్లచొక్కాల వాళ్ళు టాబక్ వాళ్ళ వీధిలో ఒక ముసలి దర్జీని ఏం చేశారో ఒక్కో అక్షరమే ఏరుకుంటూ వేళ్ళతో చదివాను. చివరి అక్షరం పేర్చేసరికి అది నాకు వట్టి పనిలా అనిపించడం మానేసింది. మా పేటలో గురువారం మధ్యాహ్నం కొట్లన్నీ మూసేస్తారు. నేనూ తలుపులు వేసేసి, వాళ్ళ పుస్తకాలు అప్పుడు వేసేవాణ్ణి.

చిక్కు అడుగు వరసతో వచ్చింది. పుస్తకమైనా కరపత్రమైనా అచ్చువేసినవాడి పేరూ చిరునామా దానిమీద ఉండి తీరాలని మా దేశంలో చట్టం. కార్డులకీ టికెట్లకీ అక్కర్లేదు, అయినా నేను వాటికీ వేసేవాణ్ణి. “ముద్రణ: డబ్ల్యూ. గడ్జన్, టాలీ వీధి, బెత్నల్ గ్రీన్.” ఆ వరసని ఎప్పుడూ విప్పలేదు. దారంతో కట్టి, పేజీలు బిగించే రాతిబల్లకి కుడిపక్క సిద్ధంగా ఉంచేవాణ్ణి. ఏ పని చేసినా చివరకి చెయ్యి తనంతట తనే వెళ్ళి, దాన్ని తెచ్చి, అడుగున కూర్చోబెట్టేది. మా నాన్న నేర్పిన ఇంకో అలవాటు, ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగు వరస చదవడం. “వేసిందెవడో చూడు ముందు. ఏం వేశాడో తర్వాత చూద్దువుగాని,” అనేవాడు.

మా వీధిలాంటి వీధిలో ఆ పుస్తకాల మీద నా పేరు కనబడితే నా గతేమిటని మిస్ క్వేల్ మొదట్లోనే ఆలోచించింది. మాంచెస్టర్‌లో ఒక పెద్దాయనని పట్టుకుంది. అచ్చాఫీసు అమ్మేసి మంచాన పడి ఉన్నాడాయన. “నా పేరు వాడుకోండమ్మా. మంచం దిగేదాకా నన్నెవరూ ఏమీ చెయ్యరు, దిగాక ఎవరూ ఏమీ చెయ్యలేరు,” అన్నాడట. అప్పటినుంచీ లాంతరు పుస్తకాలన్నీ ఆయన పేరుతో పోయాయి. ఆయన వరస అప్పటికప్పుడు పేర్చేవాణ్ణి, పని అవగానే విప్పేసేవాణ్ణి.

మే నెలలో ఒక గురువారం ‘మీ వీధిలో నల్లచొక్కా’ అనే పుస్తకం ఆఖరి పేజీ బిగిస్తున్నాను. ఆ పూట లాజర్ నాకే ఒక జోకు చెప్పాడు. అతను చెప్పడం అదే మొదలు. నేను పగలబడి నవ్వుతూ ఫారం, అంటే పేర్చిన అక్షరాల చట్రం, బిగించాను, నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. తర్వాత ప్రూఫు ముగ్గురం చూశాం. మిస్ క్వేల్ అక్షరదోషాలు వెతికింది, గడ్జన్‌లో దోషం లేదు. నేను అలవాటు ప్రకారం అడుగు వరసే ముందు చదివాను. అక్కడ నా పేరుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ చోట ఆ పేరే చూస్తున్నాను. లేకపోతే ఉలిక్కిపడేవాణ్ణి గానీ, ఉంటే ఏమనిపిస్తుంది? బాగుందన్నాను. మెషీను తొక్కాను. లాజర్ అన్నీ సంచుల్లో వేసుకుపోయి వీధివీధీ తిరిగి అమ్మేశాడు.

శనివారానికి ఒక కాపీ టాలీ వీధికి చేరింది.

ఆ సాయంత్రం లంగరులో అడుగుపెట్టాను. లోపల మాటలు ఠక్కున ఆగాయి.

“ఏమర్రా, ఎవరైనా పోయారా? చావు కార్డులు వేయించేదుంటే చెప్పండి,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. డామినోల బల్ల దగ్గర నా కుర్చీలో పెర్స్ అల్లుడు కూర్చుని ఉన్నాడు, నల్లచొక్కా తొడుక్కుని. పెర్స్ తన చేతిలో ముక్కల వంకే చూసుకుంటున్నాడు.

“పెర్సూ, నా కుర్చీలో అప్పుడే చీకటి పడిందేమిటి?”

అతని భుజాలు కదల్లేదు.

మనిషిని వెలెయ్యడానికి మా దగ్గర పంచాయతీ, తీర్పు లాంటివేమీ ఉండవు. మాట్లాడరు. అంతే. ఒట్టి మర్యాద మాత్రం మిగులుతుంది. లంగరులో గ్లాసు నా ముందు పెట్టేవాళ్ళు, మాట పెట్టేవాళ్ళు కారు. మంగలి కాబ్లీ నోరు మూస్తే కత్తికి పదును పోతుందని వీధంతా వేళాకోళం చేసేది. ఇప్పుడు ఆ కాబ్లీ నా గడ్డం మొత్తం మూగగా గీశాడు. తన గడ్డం మీద కత్తి అంత చప్పుడు చేస్తుందని మనిషికి మామూలుగా తెలీదు. రొట్టెల కొట్టు ఆవిడ నా రొట్టె బల్లమీద పెట్టి, నా భుజం మీంచి వెనకావిడని పిల్లలెలా ఉన్నారని అడిగేది. పెళ్ళికూతుళ్ళు శుభలేఖలకి వేరే పేటకి పోయారు. ఆఖరికి చచ్చినవాళ్ళు కూడా నా గడప తొక్కడం మానేశారు.

నేను జోకులు మెషీనుకి చెప్పడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, మంచి శ్రోత. ప్రతి మాటకీ తల ఊపుతుంది. అన్నిటికీ ఒకేలా ఊపుతుంది, అదే బాధ.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కిటికీ పగలగొట్టుకుని ఇటుక ఒకటి వచ్చింది. ఆ నెలంతా నన్ను వెతుక్కుంటూ వచ్చింది అదొక్కటే. “రండి, కూర్చోండి,” అన్నాను. నాకే నవ్వొచ్చింది. గదిలో ఆ నవ్వు ఒక్కత్తే అయిపోయి బిక్కుబిక్కుమంటుంటే ఆపేశాను.

ఇటుకకి ఒక కరపత్రం చుట్టి ఉంది. యూదుల్ని తిట్టే రకం. తీసి ముందు అడుగున చూశాను. ఖాళీ. పేరు లేదు, ఊరు లేదు. పైన పని మాత్రం ముచ్చటగా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఎడం సమంగా, అంచులు నూలుపట్టి కొట్టినట్టు. బాగా చేతనైనవాడి పని. మా నాన్నలాంటి నాన్నే ఎవరో కూర్చోబెట్టి నేర్పించి ఉంటాడు. అంత చక్కగా చేసి, చట్టానికి దొరికిపోతానన్న భయం కూడా దాటేసి, పేరు ఎందుకు మింగేశాడో నాకు అంతుపట్టలేదు. ఆ కాగితాన్ని గోడ మేకుకి గుచ్చాను.

తర్వాతి గురువారం మిస్ క్వేల్ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మిస్టర్ గడ్జన్, ఇకనుంచి మా పని వేరేచోట వేయించుకుంటాం. మీ మంచికోసమే.”

“లాజర్ ఏడీ?”

“నేనే రావద్దన్నాను. అతను మీ గుమ్మంలో కనబడితే మీకింకా చేటు.”

“టీచరమ్మా, నా మంచికోసం అందరూ వెళ్ళిపోతున్నారు. నా చెడ్డకోసం ఎవరైనా కాసేపు ఉంటారా?”

“ఇది కూడా జోకేనా?”

“నాకూ తెలీడం లేదమ్మా. మీరే మార్కులెయ్యండి.”

చేతితొడుగులు వేసుకుని, పగిలిన కిటికీకి కొట్టిన చెక్కవైపు ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అలా నా పేరొక్కటీ ఆ పుస్తకం అడుగున మిగిలింది. వేయించినవాళ్ళూ లేరు, తిట్టినవాళ్ళూ లేరు.

జూలైలో బొగ్గు వచ్చింది. వేసవిలో ధర తక్కువని మేమంతా అప్పుడే పోయించుకుంటాం. వాకిట్లో కాలిబాట మీద ఇనప మూత ఉంటుంది. అది తీసి, కన్నంలోంచి నేలమాళిగలోకి బస్తా కుమ్మరిస్తారు. నేను కింద కాగితం కట్టలు సర్దుకుంటున్నాను. దడదడా బొగ్గు పడింది, ఆగింది. మూత మాత్రం పడలేదు.

“విల్ఫూ.”

తలెత్తాను. గుండ్రటి వెలుగు, దాని మధ్యలో ఒక నోరు.

“ఎవరది? దేవుడా?”

“దేవుడు బొగ్గు మోస్తాడేంట్రా! నేనురా, పెర్స్‌ని. గట్టిగా అరవకు. బస్తా దులుపుతున్నట్టు నిలబడ్డాను.”

“కన్నంలో తల దూర్చి బస్తా దులిపేవాణ్ణి ఎక్కడా చూళ్ళేదు. పిల్లి పోగొట్టుకున్నవాడిలా ఉన్నావు.”

“నోర్ముయ్, చెప్పేది విను. సౌతెండ్ టికెట్లు ఇంకా వేయించలేదు. నీకోసం ఆపాను.”

నా గుండె ఒక్కసారి ట్రెడిల్ అయిపోయింది. “నిజంగానా?”

“నిజంగానే. లంగరు కిటికీలో ఒక కాగితం అంటించు. చిన్నదే. ఆ పుస్తకంతో నీకేం సంబంధం లేదని, నీ పేరు పొరపాటున పడిందని, జరిగినదానికి విచారిస్తున్నానని. మూడు ముక్కలు. ఆ శనివారం నుంచే నీ కుర్చీ నీది, బస్సులో నీ సీటు నీది.”

“పేరు పొరపాటున పడిన మాట నిజమే, పెర్సూ.”

“చూశావా మరి! అబద్ధం ఆడే పని కూడా లేదు.”

“మిగతా రెండు ముక్కల సంగతి?”

“నిజం వెనకాల నడిచొచ్చేస్తాయిలే అవి కూడా. ఎవడు పట్టి చూస్తాడు?” బస్తా ఒకసారి దులిపాడు. “మా అల్లుడు చూస్తాడనుకో. వాడి నేస్తాలు చూస్తారు. వీధిలో సగం ఇళ్ళు వాళ్ళవేరా, వాళ్ళ పొయ్యిల్లోనే నా బొగ్గు. నేనేం చెయ్యను చెప్పు? నువ్వు లేక ఆ బల్ల దగ్గర ఉసూరుమంటున్నాను. వాడికి డామినోలు రావు, నవ్వడం అసలే రాదు...”

పైన ఎవరివో అడుగుల చప్పుడైంది. మూత పడింది. నేను చీకట్లో బొగ్గుల పక్కన నిలబడి, ఎవరో నాతో మాట్లాడారన్న సంతోషానికి కాసేపు అలాగే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే పనికి కూర్చున్నాను. మంచి టైపు ఎంచాను, శుభలేఖలకి వాడేది. మూడు వాక్యాలూ పేర్చాను. ‘విచారిస్తున్నాను’ అన్నదాన్ని మధ్యకి తెచ్చి, రెండు పక్కలా ఎడం సరిచేశాను. చెయ్యి కుడిపక్కకి వెళ్ళింది. దారం కట్టిన వరస తెచ్చి అడుగున కూర్చోబెట్టింది. సిరా రాసి ప్రూఫు తీశాను.

అడుగునుంచి చదివాను. ముద్రణ: డబ్ల్యూ. గడ్జన్, టాలీ వీధి, బెత్నల్ గ్రీన్. తర్వాత పై వరసలకి వెళ్ళాను. ఆ పుస్తకంతో నాకు ఏ సంబంధమూ లేదు.

ఆరబెడదామని దాన్ని గోడ మేకుకి గుచ్చబోతే, అక్కడ ఇటుక తెచ్చిన కాగితం ఉంది. రెండూ పక్కపక్కన వేలాడాయి. దాని అడుగున పేరు లేదు. దీని అడుగున పేరుంది, ఆ పేరునే పై వాక్యాలు కాదంటున్నాయి. ఎడాలు చూస్తే రెండిట్లోనూ సమంగానే ఉన్నాయి, అంచులూ చక్కగానే ఉన్నాయి. రెండూ ఒక్కడే వేశాడంటే మా నాన్న కూడా నమ్ముతాడు.

ఆ చేతనైనవాడి గురించి అప్పుడు మొదటిసారి సరిగ్గా ఆలోచించాను. ఇదే లండన్‌లో ఎక్కడో ఉన్నాడు. సాయంత్రం అతని పబ్బుకి పోతాడు, అతని కుర్చీ అతనికోసం ఖాళీగా ఉంటుంది, అతని జోకులకి ఎవరో బీరు ఒలకబోసుకుంటారు. ఆగస్టులో ఏదో ఒక ఆదివారం బస్సులో సముద్రానికి పోతాడు. పేరు మింగేస్తే అన్నీ దొరుకుతాయి. నాకు అతని మీద కోపం రాలేదు. కుళ్ళు వచ్చింది. ఆ కుళ్ళు చూసి భయం వేసింది.

ప్రూఫు పొయ్యిలో పడేసి, కట్టిన టైపు విప్పాను. అక్షరాలు ఏ గడివి ఆ గడిలో వేస్తూ కూర్చుంటే మధ్యాహ్నమైంది. ఏ మాటలోంచి వచ్చిందో సీసానికి గుర్తుండదు. గడిలో పడగానే మళ్ళీ కన్నెపిల్ల. దారం కట్టిన వరస మాత్రం విప్పకుండా దాని చోటే పెట్టాను.

పెర్స్‌కి ఈ మాట ఎలా చెప్పాలి? వీధిలో చెబితే అతనికి ప్రమాదం. అందుకని అక్కర్లేని బొగ్గు ఇంకో బస్తా తెప్పించుకున్నాను. నేలమాళిగలో కన్నం కింద నిలబడ్డాను. బొగ్గు పడింది, నెత్తిమీద కొంత.

“కాగితం ఏదిరా?” అంది నోరు.

“లేదు పెర్సూ.”

“టైపు సరిపోలేదా?”

“పేరు పొరపాటున పడిందని రాయమంటే ఇప్పుడే రాస్తాను. మిగతా రెండూ నావల్ల కాదు. ఈసారి పుస్తకం మీద నా పేరు పొరపాటున కాకుండా, కావాలనే వేస్తాను.”

కన్నంలోంచి బొగ్గు పొడి కొంచెం కొంచెం రాలుతోంది.

“వాళ్ళు నీకేమవుతార్రా? ఆ టీచరూ, ఆ బీరువాలవాడూ? నీతో కూర్చుని ఒక గ్లాసు తాగుతారా?”

“లేదు.”

“నీ జోకులకి నవ్వుతారా?”

“ఆవిడ నవ్వదు. అతను ముందే నవ్వేస్తాడు.”

“మరెందుకురా ఈ ఖర్మ?”

అక్కడ ఏదో ఒక జోకు పడాలి. నోరు తెరిచాను, ఏదీ రాలేదు. “కిటికీలోంచి ఒక కాగితం వచ్చింది, పెర్సూ. అడుగున పేరు లేదు. నాకు అలా ఉండాలని లేదు,” అన్నాను.

పైనున్నవాడు ముక్కు ఎగబీల్చాడు. బొగ్గు పొడి కావచ్చు. “అయితే టికెట్లు రోమన్ రోడ్డు అచ్చాఫీసులో వేయిస్తాను మరి.”

“వేయించు. ఎడాలు సరిగ్గా చూడమని చెప్పు. రోమన్ రోడ్డువాళ్ళకి తొందరెక్కువ.”

మామూలుగా మూత ధడేల్‌మని పడుతుంది. ఆ రోజు పెర్స్ రెండు చేతులతో పట్టి, చప్పుడు కాకుండా మూశాడు.

బుధవారం బడి వదిలే వేళకి మిస్ క్వేల్ బడి గేటు దగ్గరకి వెళ్ళాను. పిల్లలు కేకలేస్తూ పోతున్నారు. నన్ను చూసి ఆమె అటూ ఇటూ చూసింది.

“మీరిక్కడికి రాకూడదు.”

“వచ్చాను. రేపు గురువారం. వేరేచోట వేయించక్కర్లేదు, తెచ్చెయ్యండి. మాంచెస్టర్ పెద్దాయన్ని కాస్త నిద్రపోనివ్వండి. ఆయన మంచం మీద చాలామంది ఎక్కారు.”

“అంటే, మీ పేరుతోనా?”

“చట్టం మరి. నేను చట్టానికి భయపడే మనిషిని.”

ఆమె నవ్వలేదు. కానీ ఎర్ర సిరా పెన్ను వెతికే చూపు కూడా చూడలేదు. “రేపు,” అని తల ఊపి, గొడుగు పట్టుకుని అటు నడిచింది. నేను ఇటు నడిచాను.

గురువారం ఇద్దరూ వచ్చారు, విడివిడిగా, పెరటి దారినే. లాజర్ నన్ను చూడగానే, నేనింకా ఏమీ అనకముందే నవ్వేశాడు. చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. రాతప్రతి ఇచ్చి, ప్రూఫు చూసి, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. టీ పెడతానంటే వద్దన్నారు. ఎక్కువసేపు ఉంటే ఎవరైనా చూస్తారట. నా మంచికే. రెండు కప్పులు కడిగి బోర్లించాను, ఎవరూ తాగనివి. తర్వాత ఫారం బిగించాను. చెయ్యి కుడిపక్కకి పోబోతే పట్టుకుని ఆపాను. కాసేపు ఆగి, నేనే పంపించాను.

ఆగస్టు ఆదివారం వచ్చింది. బస్సు లంగరు ముందు ఆగింది, ఎండ బాగుందని పైకప్పు మడిచేశారు. ఆడవాళ్ళు కొత్త టోపీలు పెట్టుకున్నారు. ఎవరో అకార్డియన్ తెచ్చి, దాని గాలితిత్తి లాగుతూ వాయిస్తున్నారు. నేను నా గుమ్మంలో నిలబడ్డాను, చెక్క కొట్టిన కిటికీ పక్కన. తలుపు మూసుకుని లోపల కూర్చోవచ్చు. కానీ మెషీనుకి కూడా ఆదివారం సెలవు. దానికీ నా మాటల నుంచి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి కదా.

బస్సు మలుపుకి పోవాలంటే నా గుమ్మం దాటాల్సిందే. దాటింది. అకార్డియన్ నా ఇంటి దగ్గరకొచ్చేసరికి ఊపిరి పీల్చుకోవడం మర్చిపోయింది, ఇల్లు దాటాక మళ్ళీ అందుకుంది. అందరూ నేరుగా ముందుకి చూస్తున్నారు, సముద్రం అప్పుడే కనబడుతున్నట్టు. ఆఖరి వరస నడిమి సీట్లో బీరు పెట్టె పెట్టారు. సీసంవాడి చోట సీసాలు. వారసుడు నాకు తగినవాడే.

బస్సు మలుపు దగ్గర నెమ్మదించింది. ఆ చోట ఎవరూ లేచి నిలబడలేదు.

నేను రోడ్డు మధ్యలోకి వెళ్ళి, ట్రెడిల్ మీంచి మాట్లాడే గొంతుతో అరిచాను. “డ్రైవరూ, మెల్లిగా పోనీ! మీరు వస్తున్నారని తెలిస్తే సముద్రం మైలు వెనక్కి పోతుంది!”

ఖాళీ వీధి కదా, అరుపు ఈ గోడకీ ఆ గోడకీ తగిలి మళ్ళీ నా దగ్గరకే వచ్చింది. ఒక్క టోపీ కూడా వెనక్కి తిరగలేదు. మొట్టమొదటి సీట్లో పెర్స్ కూర్చుని ఉన్నాడు. అతని వీపు నాకు స్పష్టంగా కనబడుతోంది. అతనూ తిరగలేదు. కానీ అతని భుజాలు రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆ బస్సు పాతది. గేరు మార్చినప్పుడల్లా ఇంజను వణుకుతుంది, దాంతో పాటు లోపలున్న వాళ్ళందరూ వణుకుతారు. మిగతావాళ్ళ భుజాలు కూడా ఎగురుతున్నాయేమో చూద్దామనుకునేలోపే బస్సు మలుపు తిరిగిపోయింది.